కట్ట క్షేమం, రాజు క్షేమం

మేఘసముద్రం కట్ట దిగువన, పెద్ద తూముకు కాస్త పక్కగా, ఉడుత దూరేంత కన్నంలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. తేట నీళ్ళయితే మైలమ పట్టించుకునేది కాదు. ఎంత గట్టి కట్టకైనా చెమ్మ తప్పదు. ఈ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంటే కట్ట కడుపులోని మట్టి కరిగి వచ్చేస్తోందన్నమాట. మైలమ కన్నంలో వేలు పెట్టింది. వేలు పోయింది. చెయ్యి పెట్టింది. మోచేతిదాకా సులువుగా పోయింది.

మేఘసముద్రం పేరుకే సముద్రం, నిజానికి చెరువు. అయితే దాన్ని చూసినవాడెవడికీ చెరువు అనడానికి నోరు రాదు. గద్దకొండకూ ఏనుగుగుట్టకూ నడుమ, పూర్వమెప్పుడో ఒక మహారాణి కట్టించిన కట్ట అది. ఆ నీటిమీద కలువలు విచ్చుకుంటే చుక్కలు పట్టపగలే దిగివచ్చాయా అనిపించేది. హంసలు బారులు తీరి ఈదుతుంటే చూడటానికి దేవకన్యలు వచ్చి వెళ్తారని అక్కడివాళ్ళ నమ్మకం. కట్టకు దిగువన నీలతటం నగరం. పాలరాతి మేడలు, బంగారు కలశాలు, మల్లెతోటలు, ఏనుగులు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోనక్కరలేని రాజవీధులు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటే చిక్కు. ఆ నగరంలో ఎంత ఎత్తు మేడ ఎక్కి చూసినా చెరువు నీళ్ళు ఇంకా ఎత్తుననే కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు అది చూస్తే నిద్ర పట్టదు. అక్కడే పుట్టినవాళ్ళు ఆ సంగతే మరిచిపోతారు.

మరిచిపోనివాళ్ళు కట్టకాపులు. వాళ్ళను ఎవరూ నియమించలేదు. వాళ్ళకు జీతం లేదు, బత్తెం లేదు. దిగువ వీధుల్లో ఇంటికొకరు చొప్పున వంతులవారీగా కట్టమీద తిరిగేవారు. తూము దగ్గర, కట్ట వాలుమీది మండపంలో గండిభేరి ఉండేది. గండి దరువు మోగిందంటే చేతిలో ముద్ద చేతిలోనే వదిలేసి ఊరంతా ఏనుగుగుట్ట ఎక్కేయాలి. కాపులు మాత్రమే కొట్టే దరువులు ఇంకో రెండుండేవి. ఒకటి పిలుపు, "ఎవరక్కడ?" అని. రెండోది జవాబు, "ఉన్నాను" అని. పిలుపు వినబడితే ఏ కాపైనా, ఎక్కడున్నా, జవాబు కొట్టితీరాలి. కాపు పోయినప్పుడు చితి దగ్గర కూడా ఒకసారి పిలుపు కొట్టి, జవాబు రాలేదని అందరూ విన్నాకనే నిప్పు పెట్టేవారు. అంత పట్టింపు వాళ్ళకు.

విక్రాంతదేవుడు అన్నగారిని తీర్థయాత్రకు పంపి, ఆయన తిరిగి రాకపోవడంతో విచారిస్తూ సింహాసనం ఎక్కాక, ముందుగా ఆయన కన్ను పడింది ఈ కట్టకాపుల మీదే. పిలవకుండా పోగయ్యేవాళ్ళు, డబ్బు తీసుకోకుండా పనిచేసేవాళ్ళు! ఇవాళ కట్టకోసం కూడినవాళ్ళు రేపు ఇంకెందుకు కూడతారో! "వీళ్ళను నిషేధిస్తాను" అన్నాడు రాజు. అప్పుడు ఉత్తరదేశపు శ్మశానాలలో విద్యలు నేర్చి వచ్చిన మాంత్రికుడు మృదుపాణి, గోళ్ళకు గోరింటాకు ఆరబెట్టుకుంటూ, "నిషేధిస్తే చాటున కూడతారు మహాప్రభూ, సత్కరించండి" అన్నాడు.

సత్కరించారు. కాపులకు వెండి అంచు కండువాలు కప్పారు. ఊరేగింపులో చోటు ఇచ్చారు. సంఘానికి ఒక మైనాను బహూకరించారు. సంఘముఖ్యుడి తలవెంట్రుక ఒకటి ఆ మైనా కాలికి కట్టి పంజరంలో పెట్టారు. ఆ రోజునుంచి మైనా ఏం పలికితే ముఖ్యుడి నోటా అదే వచ్చేది. సభ్యుల నోళ్ళకు మంత్రం అవసరం కాలేదు. ముఖ్యుడు అన్నదే తామూ అనడం ఒంటికి మంచిదని వాళ్ళే తెలుసుకున్నారు. తర్వాత కుమ్మరులకూ, పడవవాళ్ళకూ, భజన మేళాలకూ మైనాలు వచ్చాయి. సంఘాలు లేనిచోట కొత్తవి పుట్టించారు. నశ్యం పీల్చేవాళ్ళకొక సంఘం, పీల్చడం మానేసినవాళ్ళకొక సంఘం. మైనా లేని సంఘాన్ని దొంగల ముఠా అనాలని శాసనం వేశారు.

ఫిర్యాదుల సంఘం కూడా ఉండేది. అందులోవాళ్ళు ఎవరికీ భయపడే రకం కాదు. ఎండ గురించి, దోమల గురించి రాజు ముఖానే కడిగిపారేసేవారు. రాజు ఓపికగా విని, వాళ్ళ కోరిక మన్నించి, సాయంత్రానికల్లా ఎండ తగ్గించేవాడు. పరదేశపు రాయబారులు వచ్చినప్పుడు ఆ దృశ్యం చూపించేవారు. "ఇన్ని సంఘాలు, ఇంత స్వేచ్ఛ మేమెక్కడా చూడలేదు" అని రాయబారులు కళ్ళు తుడుచుకునేవారు. వాళ్ళ రాకకు గండిభేరి మోగించేవారు. అది మోగగానే ఊరంతా పూలదండలు పట్టుకుని కట్టకింద చేరాలి. దానికి జనం బాగా అలవాటు పడ్డారు.

ఆ మైనాలకోసం కట్టిన ఏడంతస్తుల మేడకు మంచి రాయి కావలసివచ్చింది. దగ్గరలో దొరికిన మంచి రాయి కట్టకు చెరువువైపు పేర్చినదే. అది పీకి మేడకు పేర్చారు. ఈ కన్నం అక్కడినుంచి మొదలైంది.

మైలమ ఒక్క పరుగున మండపం దగ్గరికి వెళ్ళింది. ఆమె తండ్రి మాచన కట్టకాపుల ముఖ్యుడు. ఆ సాయంత్రం చందనద్వీపం రాయబారులు వస్తున్నారని కాపులందరితో కలిసి భేరి పక్కన వరుసగా నిలబడి ఉన్నాడు. కండువా మెడలో పడిన నాటినుంచి ఆయన నోట మైనా మాట తప్ప మరోటి రాదు. ఇంట్లో అన్నం కావాలన్నా చేత్తో సైగ చేస్తాడు.

"నాయనా, ఒకసారి రా!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చి కన్నం చూపించింది. మాచన వంగి చూశాడు. ఎర్ర నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి కట్టమీద తిరిగిన మనిషి, ఆయనకొకరు చెప్పాలా? కళ్ళవెంట బొటబొట నీళ్ళు కారాయి. కూతురి వైపు తిరిగి నోరు తెరిచాడు.

"కట్ట క్షేమం, రాజు క్షేమం" అన్నాడు.

"నాయనా!"

"కట్ట క్షేమం, రాజు క్షేమం." ఈసారి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందులోంచి కూడా అదే మాట వచ్చింది. వెనకనున్న కాపులంతా చక్కగా గొంతు కలిపారు.

మైలమకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కాపలావాళ్ళను తోసుకుంటూ మండపమెక్కి, గండిభేరి మీద తన బలమంతా పెట్టి గండి దరువు కొట్టింది. ఆ మోత గద్దకొండకు తగిలి, ఏనుగుగుట్టకు తగిలి, నగరమంతా మార్మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం వీధుల్లోకి వచ్చారు. హమ్మయ్య అనుకుంది మైలమ. జనం గుట్టవైపు తిరగలేదు. తిన్నగా కట్టవైపే వచ్చారు. పిల్లలను భుజాలమీద ఎక్కించుకుని, ముసలివాళ్ళను నడిపించుకుంటూ, చేతుల్లో పూలదండలతో, ముఖాలమీద వికసించిన ఆనందంతో వచ్చి, కన్నానికి సరిగ్గా ఎదురుగా బారులు తీరి నిలబడ్డారు.

"పారిపోండి! గండి! కట్ట తెగుతోంది!" అని మైలమ గొంతు చించుకుంది. జనం జయజయధ్వానాలు చేశారు. వెనకవరుసవాళ్ళకు ఆమె మాట వినబడలేదు గానీ, ముందువరుస చప్పట్లు కొట్టింది కాబట్టి వాళ్ళూ కొట్టారు. ఊరిని కాపాడబోయి ఊరినంతా నీటి నోటికి అందించినట్టయింది. మైలమ తల పట్టుకుంది.

ఈలోగా పల్లకీ దిగాడు మృదుపాణి. ఎవరిమీదా గొంతు పెంచని మనిషి. ముఖంలో ఎప్పుడూ అప్పుడే భోజనం చేసిన ప్రశాంతత ఉంటుంది. భుజంమీద కట్టకాపుల మైనా. మిగతా మైనాలన్నీ మేడలో ఉన్నా, దీన్ని మాత్రం ఆయన వెంట తిప్పుకుంటాడు. కన్నం దగ్గరికి వెళ్ళి, ఎర్ర నీళ్ళు చూశాడు.

"దీనిమీద ఒక తివాచీ వేయండి. పచ్చరంగుది" అన్నాడు. జనాన్ని చూసి, "రాయబారులు సాయంత్రం వస్తారు. అప్పుడు ఇంతకంటే బాగా నవ్వుదురుగాని, ఇళ్ళకు వెళ్ళండి" అన్నాడు. జనం దండలు జాగ్రత్తగా చుట్టుకుని వెళ్ళారు. ఆ తర్వాత మైలమవైపు తిరిగాడు. "అమ్మాయీ, నీదే సంఘం?"

"నాకే సంఘమూ లేదయ్యా. ఒక్కదాన్నే."

"మైనా లేకపోతే ఒక్కరైనా సంఘమే తల్లీ. దొంగల ముఠా కింద వస్తావు" అని నొచ్చుకుంటూ చెప్పి, భటులకు సైగ చేశాడు.

భటులు కత్తులు దూసి మీదికి ఉరికారు. అదే క్షణాన ఎక్కడినుంచో ఒక తట్టెడు నేరేడుపళ్ళు వాళ్ళ కాళ్ళకింద బోర్లాపడ్డాయి. ముందువాడు జారి పడ్డాడు. వాడిమీద రెండోవాడు, వాడిమీద దళపతి. "మైలమా, కాలవలోకి దూకు!" అన్న కేక వినబడింది. మైలమ వెనకాముందూ చూడకుండా తూము కాలవలోకి దూకింది. ఆమె వెంటే పండ్లమ్మే యువకుడు దూకాడు. బాణాలు రివ్వున తలలమీదుగా పోయాయి. ఇద్దరూ నీటివాలున కొట్టుకుపోతూ, రాతి వంతెన కిందుగా దూరి, మల్లెతోట చివర గట్టెక్కారు.

ఈ పండ్లవాడు నెలరోజులనుంచి నీలతటంలో తట్ట మోస్తున్నాడు. మోస్తున్నాడనే మాటేగానీ, తట్ట వాడి నెత్తిమీద నిలిచిన పాపాన పోలేదు. తూకం వేయమంటే కొసరే ఎక్కువ వేసేవాడు. వీడు పండ్లవాడు కాదని మైలమ మొదటిరోజే కనిపెట్టి నిలదీస్తే, చందనద్వీపం రాకుమారుణ్ణనీ, పేరు కుముదసేనుడనీ ఒప్పుకున్నాడు. నీలతటం చూసి వచ్చిన తమ రాయబారులంతా ఒకే వాక్యం మాట్లాడుతుంటే అనుమానం వచ్చి, సంగతేమిటో చూసిపోదామని మారువేషంలో వచ్చాడు. ఇంతకాలం అతను నేరేడుపళ్ళు పోస్తున్నది మైనాలమేడకే, మృదుపాణి ఉన్నంతసేపే తెరిచి ఉండే దొడ్డితలుపు గుండా.

"పొద్దున్నే మృదుపాణి పంజరం పంజరానికీ తిరుగుతాడు" అన్నాడు కుముదసేనుడు, తడి బట్టలు పిండుకుంటూ. "నేరేడుపండుకు విభూతి అద్ది పెడతాడు. అది మింగుతుండగా ఏ మాట చెవిన పడితే మైనా ఆ మాటే పట్టుకుంటుంది. విభూతి కుండ అక్కడే ఉంటుంది. నా మొలలో ఇంకో మూటెడు పళ్ళున్నాయి."

"అయితే ఇక్కడ కూచుని బట్టలు పిండుకుంటావేంటయ్యా రాకుమారా, లే!" అంది మైలమ.

మైనాలమేడ చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. ఒక్కో అంతస్తుకూ ఒక్కో రంగు గవాక్షాలు, పగడపు ద్వారబంధాలు, చిరుగాలికి సైతం మోగే వెండి గజ్జెలు, గోడలనిండా నవ్వుతున్న ప్రజల చిత్రాలు. గోడల రాయి మాత్రం మైలమ ఎరిగినదే. దానిమీద ఇంకా చెరువు పాచి ఆనవాళ్ళున్నాయి. ఆమె దాన్ని చేత్తో తడిమింది. వాకిట్లో తాటిచెట్టంత భూతం కూర్చుని ఉంది. దానివి గాజు కళ్ళు. చేతిలో ఇనుప గద.

"ఏ సంఘం?" అని గర్జించింది భూతం. "సంఘం పేరు చెప్పనివాణ్ణి నమిలేయమని ఆజ్ఞ."

మైలమ నడుముకు కట్టుకున్న తుడుము తడుముకుంది. కాపులు వంతుకు వెళ్ళేటప్పుడు కట్టుకునే చిన్న వాద్యమది. రాకుమారుడు గొంతు సవరించుకున్నాడు.

"మీదే సంఘమో అది ముందు చెప్పండి" అన్నాడు.

భూతం తికమకపడింది. "మాకు లేదే."

"అదే మరి! ఇంత రాజ్యంలో నశ్యం పీల్చేవాళ్ళకు సంఘముంది, రాత్రీ పగలూ కాపలా కాసే భూతాలకు లేదా? ఆ లోటు తీర్చడానికే మమ్మల్ని పంపారు. ముఖ్యుడిగా ఎవరుంటారు?"

భూతం గద కింద పెట్టింది. "కండువా ఇస్తారా?" అని చిన్న గొంతుతో అడిగింది.

"వెండి అంచుది."

"నా మెడకు సరిపోయేంత పొడుగుంటుందా?"

"కొలత తీసుకోవాలి. పైన బట్టతానులున్నాయి, తెస్తాం" అన్నాడు రాకుమారుడు. భూతం తానే లేచి తలుపు తీసి పట్టుకుంది.

పైఅంతస్తులో పంజరాలు వరుసలు వరుసలుగా వేలాడుతున్నాయి. ఒక్కో మైనా తన పాఠం తాను వల్లిస్తోంది. "మాకే లోటూ లేదు" అని కుమ్మరుల మైనా. "దోమలు ఎక్కువగా ఉన్నాయి" అని ఫిర్యాదుల మైనా. మైలమ కుండలోంచి విభూతి తీసి పండుకు అద్ది, కుమ్మరుల మైనా నోట్లో పెట్టి, "కట్ట తెగుతోంది, గుట్టెక్కండి" అంది. మైనా మింగి, గొంతు సవరించుకుని, అదే మాట పలికింది.

మైలమ గవాక్షంలోంచి తొంగి చూసింది. కింద కుమ్మరవీధిలో సంఘముఖ్యుడు అరుగుమీద లేచి నిలబడి, "కట్ట తెగుతోంది, గుట్టెక్కండి" అని బిగ్గరగా చెప్పాడు. వీధి వీధంతా ఆ మాటే తిరిగి అప్పజెప్పింది. అప్పజెప్పి, ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది తమ భక్తికి పెట్టిన పరీక్షని వాళ్ళకు అర్థమైపోయింది. నిజమని నమ్మి ముందుగా కదిలినవాడు రాజును శంకించినవాడవుతాడు. కట్టమీద తమకు అనుమానమేమీ లేదని తెలిసేలా కొందరు అరుగులమీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. ఒకాయన పడుకున్నాడు కూడా.

"అయ్యో అయ్యో, పడుకున్నాడయ్యా!" అని మైలమ నెత్తి కొట్టుకుంది. దూరంగా కట్టకింద పచ్చ తివాచీ నడుమ ఒక ఎర్రటి మరక కనబడుతోంది. అది చూస్తుండగానే పెద్దదవుతోంది.

"నిజం చెబితే కదలరు మైలమా" అన్నాడు కుముదసేనుడు.

మైలమ పెదవి కొరుక్కుంది. కాపు నోట అబద్ధం రాకూడదని తండ్రి నేర్పాడు. ఆ తండ్రి నోట ఇప్పుడేం వస్తోందో గుర్తొచ్చింది. ఇంకో పండు తీసి విభూతి అద్దింది. "ఏనుగుగుట్ట శిఖరాన రాయబారులకు స్వాగతం. ఇప్పుడే. ఆలస్యంగా వచ్చిన సంఘాన్ని గుర్తుపెట్టుకుంటారు" అంది.

ఇక చూడాలి ఆ నగరాన్ని! ఆఖరి మాట ఇంకా గాలిలో ఉండగానే పడుకున్నాయన లేచాడు. ఇద్దరూ పంజరం పంజరానికీ పరుగెత్తి పండు పెడుతుంటే, వీధి వీధీ కట్ట తెంచుకున్నట్టు కదిలింది. కుమ్మరులు పతాకం పట్టుకుని, పడవవాళ్ళు తెడ్లు భుజాన వేసుకుని, భజన మేళాలు తాళాలు మోగిస్తూ, మంచంపట్టినవాళ్ళను మంచాలతో సహా మోసుకుంటూ, వరుస తప్పకుండా గుట్టెక్కసాగారు. ఆకస్మికంగా ఆనందించడంలో ఏళ్ళ తరబడి శిక్షణ ఉన్న జనం వాళ్ళు. ఒక్కరూ తొక్కిసలాడలేదు. ఫిర్యాదుల సంఘం మాత్రం ఎండ మండిపోతోందని తిట్టుకుంటూ ఎక్కింది.

స్వాగతం ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడం విక్రాంతదేవుడికి అలవాటు. అంతఃపురం మిద్దెనుంచి ఊరేగింపు చూసి మురిసిపోయి, వేళకు ముందే వచ్చిన రాయబారులను వెంటబెట్టుకుని ఏనుగుమీద తానూ బయలుదేరాడు. మృదుపాణికి విషయం తెలిసేసరికి ముఖంలోని ప్రశాంతత కొంచెం చెదిరింది. ఈ స్వాగతం తాను ఏర్పాటు చేసింది కాదు. కానీ తాను ఏర్పాటు చేయనిదొకటి ఈ రాజ్యంలో జరిగిందని రాయబారుల ఎదుట ఎలా చెప్పడం? "అంతా అనుకున్నట్టే జరుగుతోంది" అని చిరునవ్వు నవ్వి, ఆయనా పల్లకీ ఎక్కాడు.

పైఅంతస్తులో ఆఖరి పంజరం ఖాళీగా ఊగుతోంది. దానిమీద కట్టకాపుల సంఘమని రాసి ఉంది. మైలమ దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గవాక్షంలోంచి చూస్తే నగరమంతా ఖాళీ. కట్టవాలున మండపం దగ్గర మాత్రం వెండి అంచు కండువాలు ఎండకు మెరుస్తున్నాయి. ఆ సంఘం మైనా మృదుపాణి భుజంమీద ఉండిపోయింది. దానికెవరూ పండు పెట్టలేదు. కట్ట క్షేమమని చెప్పిన చోటే, భేరి పక్కన మాచన, తివాచీకి అటూ ఇటూ అతని మనుషులు నిలబడి ఉన్నారు.

"మైనాల కాళ్ళ వెంట్రుకలు తెంచి, పంజరాలన్నీ తెరిచి నువ్వూ గుట్టెక్కు!" అని అరిచి మైలమ మెట్లమీదినుంచి దూకుతూ దిగింది. "బట్టతాను దొరికిందా?" అని భూతం అడుగుతున్నా ఆగలేదు. ఖాళీ వీధుల్లో ఆమె పరుగు ఆమెకే ప్రతిధ్వనించింది. కట్ట దగ్గరికి వచ్చేసరికి తివాచీ పొంగి గర్భిణి పొట్టలా ఊగుతోంది. అంచులనుంచి ఎర్రనీళ్ళు కాపుల పాదాలు తడుపుతూ పారుతున్నాయి. ఒక్కరూ కదలడం లేదు.

"నాయనా, ఊరంతా గుట్టెక్కింది. మీరే మిగిలారు. రండి!"

"కట్ట క్షేమం, రాజు క్షేమం" అన్నారు కాపులు. మాచన కళ్ళు మాత్రం కూతుర్ని పొమ్మని బతిమాలుతున్నాయి. చెయ్యి పట్టి లాగింది. బండరాయిని లాగినట్టుంది. గండి దరువు కొడదామనుకుంది. కొడితే ఏమవుతుంది, దండలు అందుకుంటారు!

అప్పుడు తట్టింది ఆమెకు. ఊరేగింపుల్లో గండి దరువును వాడుకున్నారు గానీ పిలుపును ఎవరూ ముట్టుకోలేదు. చప్పగా ఉందని రాజుగారు వద్దన్నారు. మైలమ తుడుము విప్పి, తండ్రి కళ్ళలోకి చూస్తూ పిలుపు కొట్టింది.

ఎవరక్కడ?

మైనాకు అప్పగించింది నోరే గానీ చేతులను కాదు. మాచన చేతిలోని భేరి పుల్ల మెల్లగా పైకి లేచింది. ఉన్నాను, అని మోగింది భేరి. మైలమ మళ్ళీ కొట్టింది. ఈసారి కాపులంతా దొరికినదానిమీద కొట్టారు. ఒకడు స్తంభంమీద, ఒకడు తన తొడమీద. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను. నోళ్ళు క్షేమం పాట పాడుతూనే ఉన్నాయి, చేతులు వాటిని లెక్కచేయలేదు. మాచన కూతురివైపు ఒక్కసారి తలాడించి, గండిభేరి మీద గండి దరువు అందుకున్నాడు. చేతులు మేలుకున్నాక కాళ్ళకు తోవ తెలిసింది. కాపులు కండువాలు విసిరేసి గుట్టవైపు పరుగెత్తారు. ఇద్దరు మైలమను రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోయారు.

"నాయనా! నువ్వూ రా!"

మాచన రాలేదు. అందరూ దాటేదాకా భేరి ఆపకూడదన్నది ఆయన నేర్పిన నియమమే. కాపులు గుట్టవాలు అందుకోగానే తివాచీ చిరిగింది. ఆ తర్వాత చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కట్ట నడిబొడ్డున రెండుగా విచ్చుకుంది. మండపం అవతలి ముక్కమీద కనబడి, ఎర్రటి తుంపరలో మాయమైంది. మల్లెతోటలు పోయాయి. బంగారు కలశాలు బుడుంగున మునిగాయి. మైనాలమేడ తన రాళ్ళను తానే చెరువుకు తిరిగి ఇచ్చేసింది. దాని వాకిట్లోని భూతం మాత్రం మెడదాకా నీళ్ళలో, ఎవరైనా తిరిగి వస్తారేమోనని చూస్తూ నిలబడింది.

గుట్టమీద జనం ఇదంతా చూశారు. పతాకాలు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. రాయబారులు తడిసిన పండ్లమూటతో పైకి వచ్చిన తమ రాకుమారుణ్ణి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. మృదుపాణి అందరికంటే ముందు తేరుకున్నాడు. ఒక బండమీదికి ఎక్కి, ఎప్పటి మెత్తని గొంతుతో ప్రకటించాడు. "ప్రభువులు దూరదృష్టితో మిమ్మల్నందరినీ ముందే గుట్టకు రప్పించారు. ఈ శుభసందర్భంలో కృతజ్ఞుల సంఘాన్ని స్థాపిస్తున్నాం. జయం పలకండి."

ఎవరూ పలకలేదు. పొగరుతో కాదు. ఏం పలకాలో తెలియక. మైనాలన్నీ అప్పటికే గుట్టచుట్టూ చెట్లమీద చేరి, తమ సొంత అరుపులు అరుచుకుంటున్నాయి. సంఘముఖ్యులు నోరు తెరిచి, లోపలినుంచి ఏమీ రాకపోయేసరికి బెదిరిపోయి మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో మృదుపాణి భుజంమీది మైనా ఒక్కటే, మునిగిన నగరానికి ఎదురుగా, స్పష్టంగా పలికింది.

"కట్ట క్షేమం, రాజు క్షేమం."

మైలమ తుడుము చేతికి తీసుకుంది. తండ్రి బతికుంటే ఈ క్షణాన ఆయన నోటా అదే మాట వస్తూ ఉండాలి. కానీ ఆ మాటను ఇంత దూరంనుంచి ఎవరు వినగలరు? ఆమె శిఖరం అంచుకు నడిచింది. కాపులకు తెలిసిపోయింది ఆమె ఏం చేయబోతోందో. జవాబు రాకపోతే దానర్థమేమిటో కూడా వాళ్ళకు తెలుసు. ఒకాయన, "వద్దమ్మా, కాసేపాగి చూద్దాం" అన్నాడు. అది ఆయన ఏళ్ళ తర్వాత అన్న మొదటి సొంత మాట.

మైలమ పిలుపు కొట్టింది. ఎవరక్కడ?

నీటిహోరు. అంతే.

"అది ఏ సంఘం వాద్యం?" అన్నాడు విక్రాంతదేవుడు చిరాగ్గా. "ఆపించు మృదుపాణీ."

మళ్ళీ కొట్టింది. చెంపలమీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎవరక్కడ? నీ కూతుర్ని నాయనా, ఎవరక్కడ?

అవతల, గద్దకొండను ఆనుకుని మిగిలిన కట్టముక్క మీదినుంచి, బొంగురుగా, చర్మం నానిపోయిన భేరి మోగింది.

ఉన్నాను.

మైలమ తుడుమును గుండెలకు హత్తుకుని నేలమీద కూర్చుంది. ఆమె పక్కన ఫిర్యాదుల సంఘం ముసలమ్మ ఒకావిడ స్వాగతానికి తెచ్చిన ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. అందులోని పూలు, అక్షతలు కింద పారబోసింది. పళ్ళెం వెనక్కి తిప్పి గరిటెతో కొట్టింది. దరువు ఆవిడకు సరిగ్గా రాదు. అయినా అందరికీ తెలిసింది, ఉన్నాను అంటోందని. కుమ్మరి ఒకడు కుండ మూతిమీద కొట్టాడు. పడవవాళ్ళు తెడ్లు బండలకేసి కొట్టారు.

"వీళ్ళది ఏ సంఘం?" అని రాజు మళ్ళీ అడిగాడు. మృదుపాణి భుజంమీది మైనా తల ఒకవైపు వాల్చి ఆ మోత వింటోంది.

భటులు కత్తులు దూశారు. మైలమ లేచి నిలబడి మళ్ళీ పిలుపు కొట్టింది.